ఎర్రదుమ్ములో కాపలా: బళ్ళారి కంట్రోల్ నెట్‌వర్కులకు ఎలాంటి ఫైర్‌వాల్ కావాలి?

మే నెలలో బళ్ళారి ఎండ నీడపట్టునే 40 డిగ్రీలు దాటుతుంది. నీడ కూడా లేని చోట నిలబెట్టిన ఇనుప ప్యానెల్ లోపల ఇంకో 15, 20 డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. అలాంటి ప్యానెళ్ళు ఖనిజం కన్వేయర్ పక్కన, బూడిద చెరువు పంపుహౌస్‌లో, సబ్‌స్టేషన్ యార్డులో, కాలువ గేటు దగ్గర కనిపిస్తాయి. లోపల యంత్రాన్ని నడిపే చిన్న కంప్యూటర్ లాంటి పీఎల్‌సీ ఒకటి, ఒక నెట్‌వర్క్ స్విచ్ ఉంటాయి. ఈ పదేళ్ళలో వాటి పక్కకు ఫైర్‌వాల్ కూడా వచ్చి చేరుతోంది. ఆఫీసులో ఏసీ కింద నడవడానికి తయారైన ఫైర్‌వాల్‌ను సాధారణంగా 40 డిగ్రీల దాకా పనిచేసేలా రూపొందిస్తారు. ఇక్కడి వేసవిలో అది ఎక్కువ రోజులు నిలవదు. అందుకే వేడికి, దుమ్ముకు, అదురుకు ఓర్చే గట్టి రకం ఫైర్‌వాల్ కావాలంటున్నారు. ఆ మాట నిజమే. కానీ గట్టి పెట్టె కొన్నంత మాత్రాన కాపలా వచ్చినట్టు కాదని, అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుందని ఈ రంగంలో ఇరవై ఏళ్ళుగా జరిగినవన్నీ చెబుతున్నాయి.

ముందు ఇక్కడ కాపాడవలసినవి ఏమిటో చూద్దాం. కుడితినిలో కర్ణాటక పవర్ కార్పొరేషన్‌ వారి బళ్ళారి థర్మల్ స్టేషన్ ఉంది. 500 మెగావాట్ల యూనిట్లు రెండు, 700 మెగావాట్ల యూనిట్ ఒకటి, మొత్తం 1700 మెగావాట్లు. తోరణగల్లులో జేఎస్‌డబ్ల్యూ విజయనగర్ ఉక్కు కర్మాగారం దేశంలోని అతిపెద్ద ఉక్కు కర్మాగారాల్లో ఒకటి. సండూరు కొండల్లో, హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఎన్‌ఎండీసీకి చెందిన దోణిమలై గనులు 1977లో మొదలయ్యాయి. కొంచెం పడమరగా, 2021లో బళ్ళారి నుంచి విడిపోయిన విజయనగర జిల్లాలో తుంగభద్ర డ్యాం ఉంది. దాని ఎగువ కాలువ బళ్ళారి మీదుగా అనంతపురానికి, దిగువ కాలువ కర్నూలు వైపుకు నీళ్ళు తీసుకుపోతాయి. ఒక్కో చోట యంత్రాలు వేరు. అయినా అన్నిటిలోనూ ఒకే రకం నాడి ఉంది. సెన్సర్ కొలిచిన విలువ కంట్రోలర్‌కు వెళ్తుంది, కంట్రోలర్ ఇచ్చిన ఆజ్ఞతో వాల్వ్ తెరుచుకుంటుంది, మోటారు ఆగుతుంది, బ్రేకర్ పడుతుంది. ఈ మాటలు మోసే తీగనే కంట్రోల్ నెట్‌వర్క్ అంటున్నాం. ఒకప్పుడు ఆ తీగ ప్లాంటు గోడ దాటేది కాదు. ఉత్పత్తి లెక్కలు ఎప్పటికప్పుడు ఆఫీసుకు కావాలి, టర్బైన్ కంపెనీ ఇంజనీరు దూరం నుంచే వైబ్రేషన్ చూడాలి, గ్రిడ్ లోడ్ డిస్పాచ్ సెంటర్‌కు అంకెలు అందాలి అన్న అవసరాలతో ఒక్కొక్కటిగా దారులు తెరిచాం. ఫైర్‌వాల్ ఆ దారుల్లో కూర్చుని, ఏది పోవచ్చో ఏది పోకూడదో తేల్చే పరికరం.

గట్టి రకం అన్న మాటను కాస్త విప్పి చూడాలి. కొనుగోలు ఫైళ్ళలో ఎక్కువ గందరగోళం ఇక్కడే కనిపిస్తుంది.

మొదటిది వేడి. ఈ తరహా ఫైర్‌వాళ్ళు మైనస్ 40 నుంచి 70, 75 డిగ్రీల దాకా పనిచేసేలా తయారవుతాయి. ఫ్యాను ఉండదు, పెట్టె పైపొరే వేడిని బయటికి వదులుతుంది. ఫ్యాను లేకపోవడమే పెద్ద సుగుణం. ఎర్రమట్టి గాలిలో ఫ్యాను తిరిగితే దుమ్మును లోపలికి లాగి బోర్డు మీద పరుస్తుంది, చివరికి తానూ బిగుసుకుపోతుంది. అయినా 75 డిగ్రీలు తట్టుకుంటుందంటే 75 డిగ్రీల్లో పదేళ్ళు బతుకుతుందని కాదు. ప్రతి 10 డిగ్రీల వేడికి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు సుమారు సగం తగ్గుతుందన్నది ఎలక్ట్రానిక్స్ వాళ్ళు పాటించే లెక్క. ప్యానెల్ మీద ఒక రేకు నీడ వేస్తే, తలుపును పడమటి ఎండ పడని వైపుకు తిప్పితే ఆ ఆయుష్షు ఏళ్ళ తరబడి పెరుగుతుంది. టెండరులో ఎవరూ రాయని పని ఇది.

రెండోది దుమ్ము. డిన్ రెయిల్‌కు బిగించే ఫైర్‌వాళ్ళలో చాలావాటి రక్షణ స్థాయి ఐపీ 30 లేదా ఐపీ 40 మాత్రమే. ఐపీ 30 అంటే రెండున్నర మిల్లీమీటర్ల కంటే పెద్దవి లోపలికి పోవని అర్థం. పొడికి అది తెరిచిన కిటికీతో సమానం. దుమ్మును ఆపవలసింది ప్యానెల్ తలుపు రబ్బరు, కేబుల్ గ్లాండు. ప్యానెల్ ఐపీ 54 లేదా 65 స్థాయిలో ఉండి, వాడని గ్లాండు రంధ్రాలను మూసి ఉంచితేనే లోపలి పరికరానికి రక్షణ. కొత్త కేబుల్ లాగిన రోజున గ్లాండు బిగించకుండా వదిలేస్తే ఎంత ఖరీదైన పెట్టె అయినా ఒకటే. పైగా ఉక్కు కర్మాగారంలో దుమ్ము అంతా ఒక రకం కాదు. కోక్ పొడి విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. అది బోర్డు మీద పేరుకుంటే షార్టయ్యే ప్రమాదం ఉంది. కోక్ ఓవెన్ల దగ్గరి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు రాగిని, వెండిని తినేస్తుంది. బోర్డుకు కన్ఫార్మల్ కోటింగ్ అనే రక్షణ పూత ఉందా అని అడగవలసింది ఇక్కడ. గనుల్లో మాత్రం అదురు ముఖ్యం. క్రషర్ పక్కన నెలల తరబడి అదిరే ప్యానెల్లో మామూలు ప్లగ్గు వదులైపోతుంది, స్క్రూతో బిగించే టెర్మినల్ నిలుస్తుంది.

మూడోది కరెంటే. సబ్‌స్టేషన్లో పెద్ద బ్రేకర్ పడినప్పుడు పుట్టే క్షణికమైన వోల్టేజి కుదుపు నెట్‌వర్క్ పరికరాలను చంపగలదు. అందుకే ఐఈసీ 61850-3, ఐఈఈఈ 1613 అనే ప్రమాణాలు వచ్చాయి. రెండోదానిలో ఒక తేడాను కొనేవాళ్ళు తప్పక గమనించాలి. క్లాస్ 1 పరికరం కుదుపు వచ్చినప్పుడు పాడవకూడదు గానీ కాసేపు కమ్యూనికేషన్ తెగినా సరిపోతుంది. క్లాస్ 2 పరికరంలో అదీ తెగకూడదు. లైను ట్రిప్ అయిన క్షణంలోనే కంట్రోల్ రూంకు సమాచారం అత్యవసరం. ఆ క్షణంలో మూగబోయే పరికరం పాడవనంత మాత్రాన ఏం లాభం? 400 కేవీ యార్డులో క్లాస్ 2 కంటే తక్కువది ఒప్పుకోకూడదన్నది నా అభిప్రాయం. రెండు వేర్వేరు డీసీ సప్లైలు తీసుకునే ఏర్పాటు కూడా అంతే అవసరం.

ఇక పెట్టె లోపలి పని. మామూలు ఫైర్‌వాల్ ఎవరు ఎవరితో ఏ పోర్టులో మాట్లాడుతున్నారో చూస్తుంది. పరిశ్రమకు అది చాలదు. మాడ్‌బస్ అనే భాషను 1979లో మోడికాన్ కంపెనీ తయారుచేసింది. నేటికీ పంపుహౌసుల్లో, బాయిలర్ల దగ్గర అదే నడుస్తోంది. అందులో పాస్‌వర్డు లేదు, అడిగేవాడెవడని ఆరా లేదు. ఫంక్షన్ కోడ్ 3 వస్తే విలువ చదివి చెబుతుంది, 6 వస్తే విలువ మార్చేస్తుంది. రెండూ ఒకే పోర్టులో, ఒకే చిరునామా నుంచి రావచ్చు. బళ్ళారి జనానికి ఖనిజం లారీల సంగతి బాగా తెలుసు. అక్రమ గనుల తవ్వకంపై 2011 జూలైలో వచ్చిన లోకాయుక్త నివేదిక నాటి రోజుల్లో కాగితం చూసి లారీని వదిలేస్తే జరిగేదేమిటో ఈ జిల్లా కళ్ళారా చూసింది. టార్పాలిన్ ఎత్తి, తూకం వేసి చూసే తనిఖీ వేరు. పారిశ్రామిక ఫైర్‌వాల్ చేయవలసింది ఆ రెండో రకం తనిఖీ. ఆఫీసులోని లెక్కల కంప్యూటర్ కోడ్ 3 పంపితే పోనివ్వాలి, 6, 16 లాంటివి పంపితే ఆపాలి, ఆపి రాసిపెట్టాలి. 2024 జనవరిలో ఉక్రెయిన్‌లోని లవీవ్ నగరంలో గడ్డకట్టే చలిలో 600కు పైగా అపార్టుమెంటు భవనాలకు దాదాపు రెండు రోజులు వేడి అందలేదు. దానికి కారణం ఒక సైబర్ దాడి. అందులో వాడిన, ఫ్రాస్టీగూప్ అని పేరుపెట్టిన మాల్‌వేర్ మాడ్‌బస్ ఆజ్ఞలతోనే కంట్రోలర్లను తప్పుదారి పట్టించింది. మధ్యలో ఈ రకం తనిఖీ ఉండి ఉంటే దాడిచేసినవాళ్ళ పని అంత సులువయ్యేది కాదు.

అయితే నియమాలు రాయడం తేలిక కాదు. చాలా పరికరాల్లో నేర్చుకునే పద్ధతి ఉంటుంది. కొన్ని వారాలు ఊరికే గమనించి, కనిపించిన సంభాషణలన్నిటినీ అనుమతుల జాబితాగా మార్చి ఇస్తాయి. ఇందులో ఒక ఉచ్చు ఉంది. యూనిట్ నిలకడగా నడిచిన వారాల్లో కనిపించేవి నిలకడ రోజుల ఆజ్ఞలే. చల్లగా ఉన్న బాయిలర్‌ను లైటప్ చేసేటప్పుడు, బ్లాకౌట్ తర్వాత యూనిట్‌ను మళ్ళీ లేపేటప్పుడు మాత్రమే వచ్చే ఆజ్ఞలు ఆ జాబితాలో ఉండవు. అవసరమైన రాత్రి ఫైర్‌వాల్ వాటిని అడ్డుకుంటుంది. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ ఒక్కసారి అలా దెబ్బతింటే ఇంకెప్పుడూ ఆ పెట్టెను నమ్మడు. నియమాలు రాసేటప్పుడు నెట్‌వర్క్ మనిషి పక్కన ఆపరేషన్స్ మనిషి కూర్చోవాలి. ఓవర్‌హాల్ తర్వాత యూనిట్‌ను లేపే రోజులను కూడా గమనింపులో చేర్చాలి.

ఉక్కు పరిశ్రమకు దగ్గరి పాఠాలు రెండు. 2014 డిసెంబరులో జర్మనీ సమాచార భద్రతా సంస్థ బీఎస్‌ఐ తన నివేదికలో, పేరు చెప్పని ఒక ఉక్కు కర్మాగారంపై జరిగిన దాడిని బయటపెట్టింది. దొంగ ఈమెయిల్‌తో ఆఫీసు నెట్‌వర్కులోకి వచ్చి, అక్కడి నుంచి దాడిచేసినవాళ్ళు ఉత్పత్తి నెట్‌వర్కుకు చేరారు. కంట్రోళ్ళు విఫలమై బ్లాస్ట్ ఫర్నేసును పద్ధతిగా ఆపలేకపోయారు, భారీ నష్టం జరిగింది. 2022 జూన్ 27న ఇరాన్‌లోని ఖూజెస్తాన్ ఉక్కు కర్మాగారంలో కరిగిన లోహం ఒలికి మంటలు లేచిన వీడియోను దాడి చేశామన్నవాళ్ళే విడుదల చేశారు. దాడిని తిప్పికొట్టామని కంపెనీ అంది. తోరణగల్లులో పనిచేసే ఎవరైనా ఆ వీడియో చూస్తే అక్కడ మనుషులు ఎక్కడ నిలబడి ఉంటారన్నదే మొదట ఆలోచిస్తారు. ఈ చర్చ అంతా డేటా గురించేనని అనుకునేవాళ్ళు దాన్ని గుర్తుంచుకోవాలి.

కరెంటు సంగతిలో 2015 డిసెంబరు 23 మరిచిపోలేని తేదీ. ఉక్రెయిన్‌లో మూడు పంపిణీ కంపెనీల సబ్‌స్టేషన్లు ఆపరేటర్ల కళ్ళముందే ఆగిపోయాయి. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు చీకటి. దాడిచేసినవాళ్ళు దొంగిలించిన పాస్‌వర్డులతో, రెండో ధ్రువీకరణ అడగని వీపీఎన్ ద్వారా దర్జాగా లోపలికి వచ్చారు. ఫైర్‌వాల్ దృష్టిలో వాళ్ళు అనుమతి ఉన్న ఉద్యోగులే. పోతూ పోతూ సబ్‌స్టేషన్లలోని సీరియల్ కన్వర్టర్ల ఫర్మ్‌వేర్‌ను చెరిపేసి వాటిని పనికిరాకుండా చేశారు. కొన్ని గంటల్లోనే కరెంటు తిరిగి వచ్చిందంటే, సిబ్బంది బండ్లెక్కి సబ్‌స్టేషన్లకు పోయి చేత్తో బ్రేకర్లు వేయగలిగారు కాబట్టి.

మన దగ్గర 2019 ఏప్రిల్ చివర్లో తెలంగాణ, ఆంధ్ర విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్‌కు దెబ్బతిన్నాయి. అది ఆఫీసు వైపు దెబ్బ, బ్రేకర్ల దాకా రాలేదు. అదే ఏడాది కూడంకుళంలో ఆఫీసు పనుల నెట్‌వర్కుకు కలిసిన ఒక కంప్యూటర్లో మాల్‌వేర్ దొరికిందని, రియాక్టర్ కంట్రోల్ వ్యవస్థ విడిగా ఉందని అణు విద్యుత్ సంస్థ అక్టోబరు 30న ఒప్పుకుంది. 2021లో ఒక నివేదిక, రెడ్‌ఎకో అని పేరుపెట్టిన, చైనాతో సంబంధం ఉన్న బృందం కన్ను దేశంలోని లోడ్ డిస్పాచ్ సెంటర్లపై పడిందని చెప్పింది. ఆ రోజుల్లోనే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరికతో తెలంగాణ విద్యుత్ సంస్థలు అనుమానం ఉన్న చిరునామాలను అడ్డుకున్నాయి. అదే ఏడాది అక్టోబరులో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ సైబర్ భద్రతా మార్గదర్శకాలు ఇచ్చింది. కంట్రోల్ నెట్‌వర్కును ఇంటర్నెట్‌కు కలిసిన ఆఫీసు నెట్‌వర్కు నుంచి విడదీయాలన్నది వాటి మూల సూత్రం. ప్రపంచం పాటించే ఐఈసీ 62443 ప్రమాణం ఇంకో మెట్టు ముందుకు పోయి, ప్లాంటును మండలాలుగా విడగొట్టి, మండలానికీ మండలానికీ మధ్య దారులను లెక్కగా ఉంచమంటుంది.

ఇప్పుడు చేదు నిజం. ఆ దారిలో కూర్చున్న ఫైర్‌వాలే దొంగదారి కావచ్చు. 2023 మేలో డెన్మార్క్ విద్యుత్, ఇంధన రంగంలో 22 సంస్థలు దాడికి గురయ్యాయి. జైజెల్ ఫైర్‌వాళ్ళలో బయటపడిన లోపానికి కంపెనీ సవరణ ఇచ్చినా చాలాచోట్ల దాన్ని వేసుకోలేదు. మే 11న ఒకే దెబ్బకు 11 సంస్థలు లొంగిపోయాయి. అంతకుముందు, 2019 మార్చి 5న అమెరికాలో ఒక సౌర, పవన విద్యుత్ కంపెనీ ఫైర్‌వాళ్ళు పాత ఫర్మ్‌వేర్ లోపం వల్ల సుమారు పది గంటల పాటు మళ్ళీ మళ్ళీ రీబూట్ అవుతూ, ప్లాంట్లతో సంబంధం తెంచుతూ పోయాయి. విడతకు ఐదు నిమిషాల లోపే. ఉత్పత్తికి నష్టం లేదు గానీ హెచ్చరిక మాత్రం పెద్దది. బళ్ళారికి దీన్ని అన్వయిస్తే ఒక ప్రశ్న వస్తుంది. గట్టి పెట్టె పదిహేనేళ్ళు ఉంటుందని కొంటున్నాం, అన్నేళ్ళూ దాని ఫర్మ్‌వేర్‌కు సవరణలు ఇచ్చేదెవరు? యూనిట్ ఏడాదికోసారి ఓవర్‌హాల్‌కు ఆగినప్పుడే సవరణ వేయగలమంటే, మిగతా పదకొండు నెలలు లోపంతోనే నడపాలా? దీనికి రెండు ఫైర్‌వాళ్ళను జంటగా పెట్టి, ఒకదాన్ని ఆపి సవరించే పద్ధతి ఉంది. ఖర్చు రెట్టింపు అవుతుంది. ఆఫీసుకూ ప్లాంటుకూ మధ్య, బయటి కంపెనీల లైను దగ్గర ఆ ఖర్చు తప్పదు. కన్వేయర్ మూలనున్న ప్యానెల్లో అక్కర్లేదు. అక్కడ పెట్టెను మేనేజ్ చేసే పోర్టు బయటికి కనబడకుండా ఉంచితే చాలావరకు సరిపోతుంది.

ఇంతకంటే ఎక్కువగా వాదనలు నడిచేది మరో విషయం మీద. ఫైర్‌వాల్ చచ్చిపోతే ఏం కావాలి? చాలా గట్టి రకాల్లో రిలే బైపాస్ ఉంటుంది. కరెంటు పోతే రెండు పోర్టులూ నేరుగా కలిసిపోతాయి, ఉత్పత్తి ఆగదు. భద్రత చూసేవాళ్ళకు ఇది నచ్చదు, కాపలాదారు పడిపోతే తలుపు తెరుచుకోవడం ఏమిటని అడుగుతారు. ఆపరేషన్స్ వాళ్ళ భయం వేరు. బ్లాస్ట్ ఫర్నేసు చల్లార్చే నీటి అంకెలు ఐదు నిమిషాలు కనబడకపోతే జరిగేదేమిటో వాళ్ళకు తెలుసు. ఇద్దరిదీ న్యాయమే కాబట్టి ఒకే నియమం కుదరదు. ఆపరేటర్ తెరకూ కంట్రోలర్‌కూ మధ్య పెట్టినది తెరుచుకునే రకం కావాలి, బైపాస్ అయిన మరుక్షణం కంట్రోల్ రూంలో అలారం మోగాలి. బయటి కంపెనీల లైను మీద ఉన్నది మూసుకునే రకమే కావాలి. ఈ తేడాను డిజైనులో రాయకపోతే రాత్రి రెండు గంటలకు ప్లాంటే రాసుకుంటుంది. బ్రేక్‌డౌన్ అయి, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటే, ఫైర్‌వాల్ పక్కకు తప్పించి రెండు కేబుళ్ళనూ నేరుగా కలిపేస్తారు. ఉత్పత్తి మొదలవుతుంది. ఆ కేబుల్‌ను తర్వాత తీయడం ఎవరి పనీ కాదు. సేఫ్టీ ఇంటర్‌లాక్‌కు జంపర్ వేస్తే రిజిస్టరులో రాసి, గడువు పెట్టి, సంతకం తీసుకునే పద్ధతి ప్రతి ప్లాంటులోనూ ఉంది. ఫైర్‌వాల్ బైపాస్‌ను కూడా అదే రిజిస్టరులోకి తేవాలి. కొత్త సాఫ్ట్‌వేర్ కంటే ముందు కావలసింది ఇది, ఖర్చు కూడా లేదు.

ఫైర్‌వాల్ చేయలేనివీ ఉన్నాయి. సబ్‌స్టేషన్లో రిలేలు ఒకదానికొకటి పంపుకునే గూస్ సందేశాలు మూడు నాలుగు మిల్లీసెకన్లలో చేరాలి, వాటి మధ్యలో తనిఖీ కుదరదు. కాంట్రాక్టర్ లాప్‌టాప్ నేరుగా పీఎల్‌సీకి తగిలితే, పెన్‌డ్రైవ్ జేబులో వస్తే ఫైర్‌వాల్‌కు తెలియనే తెలియదు. 2017లో సౌదీలో ఒక పెట్రోకెమికల్ కర్మాగారపు భద్రతా కంట్రోలర్లను తిరిగి రాయడానికి దాడిచేసినవాళ్ళకు వీలైంది. ఆ కంట్రోలర్ల మీదుండే తాళంచెవిని ప్రోగ్రాం స్థానంలోనే వదిలేశారు. చెవిని రన్ స్థానానికి తిప్పి తీసేసి ఉంటే ఆ దాడి అక్కడే ఆగేది.

డ్యాంల సంగతి చెప్పి ముగిస్తాను. 2025 ఏప్రిల్‌లో నార్వేలో ఒక చిన్న డ్యాం వాల్వ్‌ను బయటివాళ్ళు పూర్తిగా తెరిచారు, నాలుగు గంటలు సెకనుకు 500 లీటర్ల చొప్పున నీరు పోయింది. 2013లో న్యూయార్క్ దగ్గరి బోమన్ అవెన్యూ డ్యాం వ్యవస్థలోకి ఒక ఇరాన్ వ్యక్తి చొరబడ్డాడు. మరమ్మతు కోసం గేటును అప్పటికే కంప్యూటర్ నుంచి విడదీసి ఉంచారు కాబట్టి దాన్ని కదపలేకపోయాడు. తుంగభద్రలో 2024 ఆగస్టు 10 రాత్రి 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయింది. దానికి కంప్యూటర్లతో సంబంధం లేదు. డ్యాం గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు మార్గదర్శకత్వంలో, పారే నీటిలోనే స్టాప్‌లాగ్ పలకలు దించి వారం రోజుల్లో ప్రవాహాన్ని ఆపగలిగారు. గేట్లకు ఏ రోజున దూరం నుంచి నడిపే ఏర్పాటు వచ్చినా, చేత్తో నడిపే పనితనం చెడకుండా ఉండాలి. అంకెలు బయటికి పంపే దారిని ఒకవైపుకే నడిచే డేటా డయోడ్‌తో కట్టాలి, గేటు తెరిచే ఆజ్ఞ మాత్రం డ్యాం మీదున్న గదిలోంచే రావాలి.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయినప్పటి నుంచి ఈ నీటి నిర్వహణ రాష్ట్రాల మధ్య తుంగభద్ర బోర్డు చేతిలో ఉంది. 2022 ఏప్రిల్ నాటి సెర్ట్-ఇన్ ఆదేశం ప్రకారం సైబర్ ఘటనను 6 గంటల్లో తెలియజేయాలి. డ్యాం కర్ణాటకలో ఉంటుంది, దాని విద్యుత్తులో ఎక్కువ వాటా ఆంధ్రది, ఎగువ కాలువ చివర అనంతపురం రైతు ఉంటాడు. అర్ధరాత్రి గేటు అంకె తప్పుగా కనిపిస్తే మొదటి ఫోను ఎవరికి, కాలువ సెక్షన్ ఆఫీసుకు కబురు ఎవరు చెప్పాలి, తెరమీది అంకెను నమ్మకుండా గేజి దగ్గరికి పోయి చూసేదెవరు అన్నవి ఒక కాగితం మీద కన్నడంలోనూ తెలుగులోనూ రాసి, ప్రతి గేటు గదిలోనూ అతికించాలి. ఏడాదికోసారి, వానలకు ముందు, దాని ప్రకారం రెండు రాష్ట్రాల సిబ్బందీ కలిసి ఒక రాత్రి అభ్యాసం చేయాలి.